పెద్దమ్మ పేనిన పడవ తాడు

మా పెద్దమ్మ కత్తెర బాబాయి ఇంట్లో కాలు పెట్టదని ఊళ్ళో అందరూ అంటారు. ఒక్కొక్కరు ఒక్కో రకంగా అంటారు గానీ, దుకాణం అత్త చెప్పే రకం అన్నిటికంటే బాగుంటుంది.

"ఆ ఇల్లు అంటుకుందనుకో. మీ పెద్దమ్మ అందరికంటే ముందు బిందెతో నీళ్ళు తెస్తుంది. తెచ్చి, గుమ్మం బయట వీపు తిప్పి నిలబడి, భుజం మీంచి వెనక్కి పోస్తుంది. లోపలికి మాత్రం రాదు."

అని ఊరుకోదు. చేతిలో ఉన్న గిన్నె భుజం మీంచి వంపి చూపిస్తుంది. ఆ ఇంటి గోడలు లోపల ఏ రంగో పెద్దమ్మకి తెలియదట. ఆ ఇంటి నీడ వీధిలో ఎందాకా పడితే అక్కడే ఆగిపోతుందట. వినేవాళ్ళు నవ్వుతారు. నేను ఉప్పో సబ్బో కొనడానికి అక్కడే ఒక పక్కగా నిలబడి ఉంటాను. ఔననను, కాదనను. నలుగురిలో నాకు నోరు పెగలదు. కళ్ళు మాత్రం ఊరుకోవు.

మాది తాళ్ళు పేనే వీధి. ఒక కొసన మా రాట్నం, రెండో కొసన కత్తెర బాబాయి ఇల్లు. మధ్యలో వంకర లేని దారి. రాట్నం అంటే నూలు వడికేది కాదు. నా ఎత్తు చక్రం, దానికి ఇనప కొక్కెం. పెద్దమ్మ దువ్విన నార కట్టని నడుముకి చుట్టుకుని, కొస కొక్కేనికి తగిలించి, నార వదులుతూ వెనక్కి నడుస్తుంది. నేను చక్రం తిప్పుతాను. ఆవిడ వేళ్ళ సందునుంచి జారిన నార అక్కడికక్కడే పురి ఎక్కి పేట అవుతుంది. మూడు పేటలు కలిపితే తాడు. పశువుల పలుపులు, బావి చేంతాళ్ళు, బండి మోకులు, అన్నీ అలాగే పుడతాయి.

చక్రం మొదట పెద్దనాన్న తిప్పేవాడు. ఆయన పోయాక అమ్మ తిప్పింది. అమ్మ భుజం పట్టేశాక తిప్పే మనిషి లేక నేను బడి మానేశాను. అప్పుడు ఏడ్చాను గానీ, ఈ పని నాకు సరిపోయిందని తర్వాత తెలిసింది. ఎవరితోనూ మాట్లాడనక్కరలేదు. పెద్దమ్మ వీధి ఆ చివర ఉన్నా తాడే చెబుతుంది. ఒక్కసారి గుంజితే ఆపమని. రెండుసార్లు గుంజితే తిప్పమని. గుంజకుండా వణికిస్తే పురి ఎక్కువైంది, కాస్త వెనక్కి తిప్పమని.

పెద్దమ్మ పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. నార చుట్టుకుంటే ఇంకా గుండ్రంగా ఉంటుంది. కొత్తగా కాపురానికి వచ్చిన ఒకమ్మాయి ఆవిణ్ణి అలా చూసి, ఈ వయసులోనా అని నోరు తెరిచిందట. "అవునమ్మా, నెలలు నిండాయి. సాయంత్రానికి కంటాను. చేంతాడు పుడుతుంది," అందట పెద్దమ్మ, నడక ఆపకుండానే.

వెనక్కి నడవడం ఆవిడకి ఎంత అలవాటంటే, దుకాణం నుంచి వచ్చేటప్పుడు మాట తెగకపోతే అలాగే వెనక్కి నడుస్తూ, మాట్లాడుతూ, ఇంటిదాకా వచ్చేస్తుంది. రాయి, గుంట, పడుకున్న కుక్క, అన్నీ ఆవిడ మడమలకి తెలుసు. కుక్కలు కూడా బండి వస్తే లేవవు గానీ పెద్దమ్మ వీపు కనిపిస్తే లేచి దారి ఇస్తాయి. వెనక ఏముందో చూడకుండా ఎలా నడుస్తావని నేను చిన్నప్పుడు అడిగాను.

"చూడాల్సిందంతా నా ఎదురుగానే ఉంటుందే. నేను పేనిన తాడు. వెనక ఏముందో మడమ చూసుకుంటుంది."

వీధి పూర్వం నది ఒడ్డుదాకా ఉండేదట. ఒక ఏడాది వరదలో కత్తెర బాబాయి పాక కొట్టుకుపోయింది. పెళ్ళాంతో, క్షవరాల కుర్చీతో, ఒక అద్దంతో ఆయన వీధి చివరికి వచ్చాడు. అక్కడ మెరక. ఊరివాళ్ళు ఇల్లు కట్టుకోమన్నారు. కట్టుకున్నాడు, సరిగ్గా మా దారికి అడ్డంగా. పెద్దమ్మ వెళ్ళి, ఇక పొడుగు తాళ్ళు ఎలా పేనాలయ్యా అని అడిగింది. బాబాయి ఆ రోజు సరదాగానే అన్నానంటాడు.

"ఏముంది వదినా, వీధి చాలకపోతే గుండ్రంగా తిరుగు. గానుగెద్దు తిరగట్లా?"

వీధంతా నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు.

"ఇంకెప్పుడైనా నీ గుమ్మం వైపు నా మొహం తిప్పితే అప్పుడడుగు!"

"సరే. నువ్వు పలికేదాకా నేనూ పలకను," అన్నాడాయన.

అదీ సంగతి. అప్పటికి నేను పుట్టలేదు. నాకు ఊహ తెలిసేసరికి వాళ్ళిద్దరూ ఒకే వీధిలో ఒకరికొకరు లేనట్టే ఉన్నారు. పెద్దమ్మ పని చేసేటప్పుడు ఎలాగూ మా వైపు చూస్తూనే వెనక్కి వెళ్తుంది కాబట్టి ఒట్టుకి ఏ ఇబ్బందీ రాలేదు. రాట్నం దగ్గర నిలబడినప్పుడు మాత్రం ఎదురుగా ఆ ఇల్లే ఉంటుంది. అందుకని ఆవిడ పక్కింటి గోడని చూస్తూ నిలబడుతుంది. ఆ గోడ మీద అంత చూడాల్సిందేముందని పక్కింటివాళ్ళు ఒకసారి సున్నం కూడా వేయించారు.

*

పోయిన ఎండాకాలం చివర్లో పడవ మావయ్య మా ఇంటికి వచ్చాడు. నది దాటించే బల్లకట్టు ఆయనదే. ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి తాడు కట్టి ఉంటుంది. బల్లకట్టుకి బిగించిన కప్పీలోంచి ఆ తాడు పోతుంది. తాడు పట్టుకు లాగితే బల్లకట్టు కదులుతుంది. ఆ తాడు పీచుపీచుగా ఊడిపోతోంది.

"అక్కా, కొత్త తాడు కావాలి. నీళ్ళు పెరగకముందే," అన్నాడు.

"పేనిస్తాం. ఎప్పుడూ పేనేదేగా," అంది పెద్దమ్మ.

"ఎప్పుడూ పేనేలాంటిది వద్దు." మావయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. "రెండు తాళ్ళు పేని మధ్యలో అతుకు వేసి ఇస్తారు. ఆ అతుకు కప్పీలో ఇరుక్కుంటుంది. నది నడిమధ్యలో బల్లకట్టు ఆగిపోతుంది. మొన్న ఒకావిడ మేకతో సహా నా మీద అరిచింది. మేక కూడా అరిచింది. ఈసారి ఒకటే తాడు కావాలి. లేకపోతే పట్నం వెళ్ళి ప్లాస్టిక్ తాడు తెచ్చుకుంటాను. ఏమీ అనుకోవద్దు."

మావయ్య వెళ్ళిపోయాక పెద్దమ్మ చేతిలో నార పక్కన పెట్టేసి రాట్నాన్ని చూస్తూ కూర్చుంది. ఎందుకో నాకు తెలుసు. పలుపులు అప్పటికే సగం ఇళ్ళలో ప్లాస్టిక్‌వి వచ్చేశాయి. చేంతాళ్ళకి కూడా ఒకరిద్దరు మళ్ళారు. మిగిలినవాళ్ళు మా దగ్గరే ఎందుకు కొంటున్నారంటే, నది మీద రోజూ చేత్తో పట్టుకునే తాడు మాది కాబట్టి. చేతికి బాగుంటుంది, తడిసినా జారదు, ఇంట్లోకీ అదే కొందాం అనుకుంటారు. ఆ తాడు ప్లాస్టిక్‌ది అయితే మిగతావీ వరసగా పోతాయి. ఒక ఏడాదో, రెండేళ్ళో. తర్వాత రాట్నం పొయ్యిలోకి.

"అతుకు లేకుండా పేనాలంటే తాడు ఎంత పొడుగో దారి అంతకంటే పొడుగుండాలి," అంది అమ్మ, నార దువ్వుతూ. "మన దారికి అడ్డంగా ఆ ఇల్లుందాయె."

"పొలంలో పేనుకోకూడదా?" అన్నాన్నేను.

"గట్లు తగలవూ? నడక ఒక్కచోట తడబడినా పేట సన్నబడుతుంది." పెద్దమ్మ నిట్టూర్చింది. "ఈ దారొక్కటే తిన్నగా ఉంది. ఆ ఇంట్లో కూడా ముందు తలుపూ వెనక తలుపూ తిన్నగానే ఉన్నాయి. గాలికోసమని అలా పెట్టించాడు. వెనక పెరడు. దాటితే ఒడ్డుదాకా ఖాళీ."

"అయితే అడుగు," అంది అమ్మ.

"నేనా?"

"మరి తాడు వెళ్ళి అడుగుతుందా?"

*

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ నన్ను వెంటపెట్టుకుని వీధి చివరికి బయలుదేరింది. వెనక్కి నడుచుకుంటూ. గుమ్మానికి కాస్త దూరంలో ఆగింది. బాబాయి అరుగు మీద కత్తి నూరుకుంటున్నాడు. పెద్దమ్మ వీపు ఆయనకి, మొహం వీధికి.

"అమ్మాయ్," అంది నాతో, వీధి మొత్తానికి వినపడేలా. "ఆ పెద్దమనిషికి చెప్పు. పడవ తాడు పేనాలి. వాళ్ళింట్లోంచి దారి ఇస్తారేమో కనుక్కో."

నేను బాబాయి వైపు చూశాను. నోరు తెరవబోయాను. ఈలోపే ఆయన నూరుతున్న కత్తి వైపు చూస్తూ అన్నాడు:

"అమ్మాయ్, ఆ పెద్దావిడకి చెప్పు. వినపడిందని."

"పెద్దమ్మా, వినపడిందట," అన్నాను.

"నాకూ చెవులున్నాయే. ఇస్తాడా ఇవ్వడా అడుగు."

"బాబాయ్..."

"ఇవ్వననను. తాడు రానిస్తాను. నార రానిస్తాను. కానీ నా ఇంట్లోంచి తాడు పేనే మనిషి నా ముందు తలుపులోంచే రావాలి. ఇన్నేళ్ళలో ఈ గడప ఒక్కసారైనా తొక్కిందా? రమ్మను. తొక్కి లోపలికి రమ్మను. అంతకంటే నేనేం అడగను."

"ఒట్టు పెట్టుకున్నానని చెప్పు!"

"ఒట్టుకీ గట్టుకీ నాకు సంబంధం లేదని చెప్పు!"

వాళ్ళిద్దరి మధ్య నేను తల అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాను. నేను చెప్పేలోపే జవాబు వచ్చేస్తోంది. ఆఖరికి బాబాయికే జాలేసింది. "ఇంత కష్టం వద్దులే అమ్మా. ఇంటికెళ్ళి మంచినీళ్ళు తాగు," అన్నాడు.

ఆ రోజు పెద్దమ్మ పని చేయలేదు. నార ముందేసుకుని కూర్చుని, ఒక పోగు తీసి పేనడం, విప్పడం, మళ్ళీ పేనడం. సాయంత్రం ఉన్నట్టుండి లేచింది.

"నేను ఒట్టు దేనిమీద పెట్టుకున్నాను? గుమ్మం వైపు మొహం తిప్పననేగా?"

"అవును," అంది అమ్మ.

"వీపు తిప్పననలేదుగా?"

అమ్మ దువ్వెన పక్కన పెట్టేసి నవ్వడం మొదలుపెట్టింది. పెద్దమ్మ నవ్వలేదు. ఆవిడకి అది నవ్వులాట కాదు. అటు పడవ తాడు, ఇటు ఇన్నేళ్ళ పట్టుదల. రెండింట్లో ఏదీ వదులుకోలేక పొద్దుటినుంచి సతమతమైన మనిషి. వెనక్కి నడుచుకుంటూ ఆ తలుపులోంచి వెళ్తే తాడూ దక్కుతుంది, మాటా దక్కుతుంది.

అలా చెల్లుతుందా చెల్లదా అని దుకాణం ముందు పెద్ద చర్చ జరిగింది. చెల్లదన్నవాళ్ళు కొందరు. దుకాణం అత్త చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. "గడప తొక్కమన్నాడు, తొక్కుతుంది. మొహం చూపించనంది, చూపించదు. ఇంకేం కావాలి మీకు?" అంది. తీర్పు చెప్పినందుకు తాడు పేనే రోజు చూడటానికి వచ్చి, రాట్నం పక్కన మంచి చోటు చూసుకుని కూర్చుంది.

*

ఆ రోజు మబ్బు పట్టింది. తాడు పేనడానికి అలాంటి రోజే మంచిది. ఎండలో నార పెళుసెక్కుతుంది.

దారి పొడుగునా పంగల కర్రలు పాతాం, పేట నేలకి ఆనకుండా. నార కట్టలు కూడా ముందే సర్దిపెట్టాం. ఒకటి పక్కింటి గోడ మీద, ఒకటి బాబాయి అరుగు మీద, ఒకటి లోపల కిటికీలో, ఇంకొన్ని పెరట్లో. పెద్దమ్మ వెనక్కి నడుస్తూ అయిపోయిన చోట అందుకుంటుంది. బాబాయి పెళ్ళాం, అంటే పిన్ని, పొద్దున్నే మంచాలు ఎత్తేసి, దారిలో ఉన్న బిందెలు తీసేసి, పిల్లిని కూడా తీసుకెళ్ళి పెరట్లో కట్టేసింది.

పెద్దమ్మ నార చుట్టుకుని కొస తగిలించింది. "చూడవే," అంది నాతో మెల్లగా. "తడబడకు. ఒక్కచోట తెగిందో, మళ్ళీ అతుకే. అతుకు ఉంటే మావయ్య పట్నం బండెక్కుతాడు."

పడవ మావయ్య నా వెనకే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దుకాణం అత్త ఆయన పక్కన. నేను చక్రం మీద చెయ్యి వేశాను.

రెండు గుంజులు. తిప్పాను.

పెద్దమ్మ వెళ్తోంది. చిన్న చిన్న అడుగులు, అన్నీ ఒకే కొలత. పక్కింటి గోడ దాటింది. అక్కడి కట్ట అందుకుంది. బాబాయి ఇంటి ముందుకి వచ్చింది. పెద్దమ్మ మడమ గడప కోసం గాలిలో ఒక్క క్షణం వెతికి, ఎక్కింది. తర్వాత రెండో కాలు. ఆవిడ మొహం మా అందరి వైపే ఉంది. గుమ్మం వైపు వీపే ఉంది.

"ఎక్కేసింది!" అంది దుకాణం అత్త ఊపిరి వదులుతూ.

లోపల చీకటి. ముందుగది బాబాయి పని చేసే గది. కుర్చీ, పక్క గోడకి పెద్ద అద్దం. పెద్దమ్మ తెల్లచీర కాసేపు మసకగా కనిపించి, తర్వాత కనపడలేదు. ఇక నాకు తాడే దిక్కు. చేతి కింద చక్రం నిండుగా తిరుగుతోంది. వేళ్ళ కింద పేట సాఫీగా సాగుతోంది. అంతా బాగానే ఉంది.

అప్పుడు పేట వణికింది.

గుంజడం కాదు, వణకడం. ఆగకుండా. పంగల కర్రల మీద పేట జలజలా ఆడింది. పురి ఎక్కువైందని అర్థం. ఆలోచించలేదు. నా చేతులకి నేర్పిన పని అవి చేశాయి. చక్రం వెనక్కి తిప్పాను. అయినా వణుకు ఆగలేదు. ఇంకా వెనక్కి తిప్పాను. పేట నా కళ్ళముందే లూజవుతోంది. కానీ అది నన్ను తిప్పమంటూనే ఉంది.

లోపలినుంచి పెద్దమ్మ గొంతు వినపడింది. ఆ గొంతు వీధిలో వినని వాళ్ళు లేరు.

"ఏమయ్యో! గుడ్లప్పగించి నిలబడతావేం? పేట విడిపోతోంది! నేను వదిలితే తెగిపోతుంది! పరిగెత్తి ఆ పిల్లని ఆపమని చెప్పవయ్యా!"

మరుక్షణం కత్తెర బాబాయి గుమ్మంలోంచి వీధిలోకి దూకాడు. మల్లెపువ్వులాంటి ఇస్త్రీ చొక్కా. నున్నగా దువ్విన తల. ఆయన మీసాలు ఎప్పుడూ తెల్లగా ఉంటాయి. ఆ రోజు ఒక పక్క నల్లగా ఉంది. ఆ నలుపు గడ్డం మీదికి ధారగా కారుతోంది.

"అమ్మాయ్! ఆపు! వెనక్కి కాదు, ముందుకి తిప్పు!" రెండు చేతులూ ఊపుతూ పరిగెత్తుకొస్తున్నాడు. "పురి కాదు! మీ పెద్దమ్మ నవ్వుతోందంతే!"

ఆపాను. ముందుకి తిప్పాను, మెల్లగా, మెల్లగా. పేట మళ్ళీ బిగిసింది. తెగలేదు.

"మాట్లాడింది!" దుకాణం అత్త లేచి నిలబడింది. "ఆయనతో మాట్లాడింది! విన్నారా లేదా?"

"వింటావుంటే నువ్వు విననిచ్చావా?" అన్నాడు పడవ మావయ్య. ఆయనా నవ్వుతున్నాడు.

జరిగిందేమిటంటే, పెద్దమ్మ గడప తొక్కే రోజని బాబాయి తెల్లవారే లేచి ముస్తాబు మొదలుపెట్టాడట. మీసాలకి రంగు వేసుకోబోయాడు. ఒక పక్క అయ్యేసరికి రాట్నం మొదలైంది. తను కూడా ఒట్టు ప్రకారం మాట్లాడకూడదు కాబట్టి, ఆవిడకి వీపు పెట్టి అద్దం వైపు తిరిగి బిగుసుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ కూడా ఆయన వైపు చూడకుండానే నడుస్తోంది. కానీ అద్దం ఎవరి ఒట్టూ పెట్టుకోలేదు. అందులో ఇద్దరి మొహాలూ ఒక్కసారే కనపడ్డాయి. సగం నలుపు, సగం తెలుపు మీసం, దాని కింద ఎంతో గంభీరమైన నోరు. పెద్దమ్మ ఆపుకుందామనుకుంది. ఆపుకుంటే నవ్వు పొట్టలోకి వెళ్ళింది. పొట్టకి చుట్టిన నారలోంచి పేటలోకి, పేటలోంచి నా దాకా వచ్చింది.

పేట వదులవుతుంటే రెండు చేతులా పట్టుకుంది. గుంజి నాకు చెబుదామంటే తెగుతుంది. పెరటి గుమ్మంలో పిన్ని ఉందిగానీ, ఆవిడ అప్పటికే నవ్వలేక కూలబడి పమిట నోట్లో కుక్కుకుంది. ఇంక గదిలో ఉన్నది ఆయనొక్కడే.

ఆ తర్వాత పెద్దమ్మ ముందుగది దాటింది. లోపలి గది ఒక మెట్టు కిందికి ఉంటుంది. బాబాయి గుమ్మంలో నిలబడి "మెట్టు, మెట్టు" అని అరవబోయాడు. అప్పటికే ఆవిడ మడమ మెట్టు దిగిపోయింది. పెరటి తలుపు వెలుతురులో ఆవిడ నీడ మళ్ళీ నాకు కనపడింది, వేలెడంత. అలాగే చిన్నదవుతూ ఒడ్డుదాకా వెళ్ళింది.

మొదటి పేట అయింది. తర్వాతి రెండింటికీ బాబాయి బయటే అరుగు మీద కూర్చుని, నార కట్టలు అందిస్తూ, వచ్చేపోయేవాళ్ళకి దారి ఇవ్వమని అరుస్తూ, అందరికంటే ఎక్కువ కష్టపడ్డట్టు చెమట తుడుచుకున్నాడు. తుడుచుకున్నప్పుడల్లా చొక్కా నల్లబడింది.

"సగమే వేశావేం, రంగు చాల్లేదా?" అంది పెద్దమ్మ రెండోసారి గడప ఎక్కుతూ, మొహం వీధి వైపే పెట్టి.

"నువ్వు ఇంకొంచెం ఆలస్యంగా వస్తే రెండోదీ అయ్యేది. నడక నేర్చినదానివి, ఆగడం నేర్చుకోలేదు వదినా!"

"ఆగితే మళ్ళీ గానుగెద్దులా గుండ్రంగా తిరగమంటావని భయం."

బాబాయి తల గోక్కున్నాడు. "ఆ మాట అనకుండా ఉండాల్సింది," అన్నాడు మెల్లగా.

"ఇప్పుడు ఈ మాట అన్నావుగా. బాగానే ఉంది. ఆ కట్ట ఇలా ఇవ్వు."

*

మూడు పేటలూ కలిపి తాడు చేశాక పడవ మావయ్య పరీక్ష పెట్టాడు. కళ్ళు మూసుకుని, తాడుని గుప్పిట్లో పట్టుకుని, రాట్నం దగ్గర్నుంచి చివరిదాకా నడిచాడు. అతుకు ఉంటే చేతికి తెలుస్తుంది. మేమంతా ఆయన వెనకే నడిచాం. గడప దగ్గర జాగ్రత్త అని ముగ్గురు చెప్పారు. అయినా తట్టుకున్నాడు. ముందుగదిలో ఒకచోట ఆయన చెయ్యి ఆగింది. వేళ్ళతో తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"ఇక్కడేదో కాస్త లావుగా ఉంది. అతుకా?"

"కాదు," అంది పెద్దమ్మ. "అది నవ్వు."

మావయ్య కళ్ళు తెరిచి చూశాడు. పేట విడవలేదు, నార తెగలేదు. ఒక జానెడు మేర పురి కాస్త వదులై ఉబ్బెత్తుగా ఉందంతే. వెంట తెచ్చిన కప్పీ తీసి తాడు అందులోంచి లాగాడు. ఆ చోటు కప్పీలోకి వచ్చింది, ఆగకుండా దాటిపోయింది. ఇంకోసారి లాగాడు. దాటిపోయింది.

"పట్నం బండి నేను లేకుండానే వెళ్ళాలి అయితే," అన్నాడు.

పెద్దమ్మ గోడకి ఆనుకుని, నడుముకి మిగిలిన నార విప్పుకుంటూ, నా వైపు చూసి కళ్ళు చికిలించింది. నాకు తెలుసు, ఆవిడ ఏడుపు ఆపుకునేటప్పుడు అలాగే చేస్తుంది.

తాడు చుట్టలుగా చుట్టి ఒడ్డుకి మోశారు. వీధి ఖాళీ అయింది. దుకాణం అత్త అప్పటికే దుకాణానికి చేరి, కథకి కొత్త చివర తగిలించేసింది. "ఇల్లు కట్టిన ఇన్నేళ్ళకి మొదటిసారి ఆ ఇంట్లో కాలు పెట్టింది. నా కళ్ళతో చూశాను," అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. కుడి మడమ ముందు పెట్టిందా, ఎడమ మడమా అన్నది కూడా చెబుతోంది.

నేను లోపల మిగిలిన నార ఏరడానికి ఆగిపోయాను. పిన్ని టీ పెట్టింది. పెద్దమ్మ పెరటి గుమ్మం మీద కూర్చుంది, కాళ్ళు పెరట్లోకి చాపుకుని. జుట్టు నిండా నార పీచు. అటు తిరగకుండానే, చూడకుండానే, చెయ్యి వెనక్కి పెట్టి తలుపు వెనక మేకుకి ఉన్న దువ్వెన తీసుకుంది. తల దువ్వుకోవడం మొదలుపెట్టింది. ఆ దువ్వెన పళ్ళలో అప్పటికే ఎండిన పీచు ఇరుక్కుని ఉంది. ఆ రోజుది కాదు. రంగు మారిన పాత పీచు.

నేను దువ్వెన వైపు చూశాను. పిన్ని వైపు చూశాను. ఎవరితోనూ ముందుగా మాట కలపని నేనే అడిగాను.

"పిన్నీ, పెద్దమ్మ ఇంతకుముందు ఇక్కడికి వచ్చిందా?"

పెద్దమ్మ దువ్వుకోవడం ఆపలేదు. బాబాయి ముందుగదిలోంచి గట్టిగా దగ్గాడు.

"అదుగో, అలాగే దగ్గుతారు రోజూ," అంది పిన్ని, గ్లాసులోకి టీ వంచుతూ. "మీ పెద్దమ్మ వచ్చిందని తెలిసి దగ్గి, ముందుగదిలోకి పోయి కూర్చుంటారు. ఆయన చూడనట్టు, ఆవిడ విననట్టు. ఒట్టు ముందు గుమ్మం మీదేగా, దీనిమీద లేదుగా."

ఆ ఇల్లు కట్టిన ఏడాది నుంచి, మధ్యాహ్నం రాట్నం ఆగిన వేళ, నదిలో నానేసిన నార చూసొస్తానని చెప్పి పెద్దమ్మ రోజూ వెళ్తున్నది ఆ ఇంటికే. వెనక తలుపులోంచి.